నేరం నెత్తురులో ఉన్నదా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని తెలుగునాట ఒక సామెత కలదు. ఇరుగుపొరుగు తగవులలో విసుగు తీర్చుకొనడానికి వాడినంతవరకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. అదే సామెతను ఒక శాస్త్రం సిద్ధాంతంగా స్వీకరించి, ఒక ప్రభుత్వం చట్టంగా రాసుకొన్నప్పుడు ఏమి జరుగుతుందో భారతదేశం ఎనభై సంవత్సరాలకు పైగా అనుభవించినది. నేరస్థుని మనస్సును గురించిన పరిశోధన చరిత్రలో సగభాగం ఈ సామెతను రుజువు చేయబూనిన ప్రయత్నమే. తక్కిన సగం దాని చిక్కులు విప్పుకొనడానికి పట్టిన కాలం.

ఇటలీలోని ట్యూరిన్ నగరపు ప్రదర్శనశాలలో ఒక కపాలం భద్రపరచబడి ఉన్నది. అది దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతానికి చెందిన విలెల్లా అనే పేదవానిది. దొంగతనం నేరంపై అతడు జైలుపాలైనాడు. సిజేర్ లొంబ్రోసో అనే వైద్యుడు అతని పుర్రెను పరీక్షించి, దాని వెనుకభాగపు అడుగున ఒక చిన్న గుంటను కనుగొన్నాడు. మామూలు మనుషుల పుర్రెలలో కనబడని ఆ గుంట కొన్ని జంతువులలో కనబడుతుంది గనుక, నేరస్థుడు మానవ పరిణామంలో వెనుకబడిపోయిన జీవి అని ఆయన తీర్మానించినాడు. 1876లో వెలువడిన ఆయన గ్రంథం ముందుకు పొడుచుకు వచ్చిన దవడ, పెద్ద చెవులు, పొడవైన చేతులు మొదలైన లక్షణాలను నేరస్వభావానికి గుర్తులుగా చెప్పినది. యూరపు అంతటా ఈ వాదానికి ఆదరణ లభించినది. నేరస్థుడు తనవంటి మనిషి కాడని విన్నప్పుడు సభ్యసమాజానికి కలిగే నిశ్చింత అట్టిది.

ఇటలీ ఒక దేశంగా ఏకమైనది 1861లో. కొత్తగా ఏర్పడిన ఆ దేశంలో ఉత్తరాదివారు దక్షిణాదివారిని మోటువారుగా, దోపిడిగాండ్రుగా చూచేవారు. లొంబ్రోసో ఉత్తరాదివాడు, విలెల్లా దక్షిణాదివాడు. పుర్రెలోని గుంటకు ఇంత అర్థం రావడంలో ఆ దూరానికి కూడ కొంత పాత్ర ఉన్నదని నేటి చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. విలెల్లా స్వగ్రామం వారు ఆ కపాలాన్ని తమకు తిరిగి ఇప్పించవలసినదని ఇరవై ఒకటవ శతాబ్దంలో న్యాయస్థానానికి వెళ్లినారు. మొదట వారికి అనుకూలంగా తీర్పు వచ్చినప్పటికీ, చివరకు పై న్యాయస్థానాలు దానిని ప్రదర్శనశాలలోనే ఉండనిచ్చినవి.

లొంబ్రోసో వాదాన్ని లెక్కలతో ఎదుర్కొన్నవాడు చార్లెస్ గోరింగ్ అనే ఇంగ్లండు జైలు వైద్యుడు. ఆయన సుమారు 3,000 మంది ఖైదీల శరీర కొలతలు సేకరించి, వాటిని విశ్వవిద్యాలయ విద్యార్థులతోను, సైనికులతోను పోల్చినాడు. సంఖ్యాశాస్త్ర ప్రముఖుడు కార్ల్ పియర్సన్ ఆయనకు సహకరించినాడు. 1913లో ప్రచురించిన ఫలితం స్పష్టమైనది: నేరస్థుల ముఖమంటూ ప్రత్యేకంగా ఒకటి లేదు. అయితే గోరింగ్ కూడ పుట్టుక వాదాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. ఖైదీలు సగటున కొంత పొట్టిగా, తేలికగా ఉన్నారనీ, తెలివిలో తక్కువవారనీ ఆయన రాసినాడు. అర్ధాకలితో పెరిగినవాడు పొట్టిగా ఉండడంలో వింత ఏమున్నదన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. తెలివితక్కువ దొంగలే ఎక్కువగా పట్టుబడతారు గదా అన్న ప్రశ్న కూడ తట్టినట్లు లేదు.

భారతదేశంలో మాత్రం వరుస తలకిందులైనది. ఇక్కడ చట్టం ముందు పుట్టి, సిద్ధాంతం తరువాత వచ్చినది. నేర జాతుల చట్టం 1871 నాటిది. అనగా లొంబ్రోసో గ్రంథానికి ఐదేండ్లు పెద్దది. ఈ దేశంలో కులాన్నిబట్టి వృత్తి నడుస్తుంది గనుక వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ అవుతాడని ఆనాటి పాలకుల తర్కం. కపాలాల కొలతలు, వంశవృక్షాలు తరువాత తోడు వచ్చినవి. మొదట ఉత్తర హిందూస్థానానికే పరిమితమైన ఈ చట్టం 1911లో మద్రాసు రాజధానితో సహా బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించేటట్లు విస్తరించబడినది. ఒక జాతిని నేర జాతిగా ప్రకటించిన తరువాత ఆ జాతివారు పేర్లు నమోదు చేయించుకొనవలెను, వేలిముద్రలు ఇవ్వవలెను, హాజరు పలుకవలెను, ఊరు దాటవలెనన్న పాసు తీసుకొనవలెను. ఇందుకు వ్యక్తిగతంగా ఏ నేరమూ చేసి ఉండనక్కరలేదు. పుట్టడమే చాలు.

కోస్తా ప్రాంతపు ఎరుకల వారి చరిత్రను ఇక్కడ కొంత వివరంగా చెప్పుకొనవలసి ఉన్నది. ఉప్పు ఎరుకలు, దబ్బ ఎరుకలు, కుంచెపురి ఎరుకలు, పరికముగ్గుల ఎరుకలు అని చేసే పనినిబట్టి వారిలో శాఖలున్నవి. ఉప్పు ఎరుకలు సముద్రతీరపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని లోపలి జిల్లాలకు తీసికొనిపోయి, ధాన్యానికి మార్చుకొని వచ్చేవారు. దబ్బ ఎరుకలు వెదురు చీల్చి బుట్టలు, తట్టలు అల్లేవారు. స్త్రీలు ఎరుక చెప్పేవారు. పంతొమ్మిదవ శతాబ్దం రెండవ భాగంలో రైలుమార్గాలు వచ్చినవి. ఉప్పు రైలుపెట్టెలలో ప్రయాణం చేయసాగినది. ప్రభుత్వం ఉప్పుపై తన పట్టు బిగించినది. 1876-78 నాటి మహాక్షామం పశువులను, మనుషులను తుడిచిపెట్టినది. అడవులపై ఆంక్షలతో వెదురు దొరకడం కష్టమైనది. ఒకే తరంలో బ్రతుకుతెరువు పోయిన జాతిలో కొందరు దొంగతనాలకు దిగినారంటే దానికి కారణం రక్తంలో వెదకనక్కరలేదు. కాని అప్పటి అధికారుల నివేదికలలో ఉప్పు వర్తకం కేవలం ముసుగు, దొంగతనమే అసలు వృత్తి అన్న మాట కనబడుతుంది.

1913 ప్రాంతంలో బాపట్ల, చీరాల పట్టణాల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో ఒక సెటిల్‌మెంటు వెలసినది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దానికి స్టూవర్టుపురమని పేరు పెట్టినారు. భూమి ఇచ్చినారు, బడి పెట్టినారు, చీరాలలోని పొగాకు కర్మాగారంలో పని చూపించినారు. ఇవన్నీ మంచి పనులే. కాని అదే చేతితో హాజరుపట్టీ కూడ తెరచినారు. సెటిల్‌మెంటులో ఉన్నవాడు సంస్కరింపబడుతున్న మనిషా, కాపలాలో ఉన్న ఖైదీయా అన్నది చట్టంలోనే తేలలేదు. చౌకగా దొరికే కూలీయా అన్న మూడవ ప్రశ్న కూడ వేసినవారున్నారు.

శాస్త్రం దృష్టితో చూచినప్పుడు ఈ చట్టంలోని అసలు లోపం వేరొకచోట ఉన్నది. విద్యార్థులు దీనిని జాగ్రత్తగా గమనించవలెను. హాజరుకు రాకపోవడం నేరం. పాసు లేకుండా చుట్టం ఇంటికి పోవడం నేరం. ఈ నేరాలకు శిక్షలు పడేవి; శిక్షలు రికార్డులోకి ఎక్కేవి. కొన్ని సంవత్సరాల తరువాత ఒక అధికారి ఆ రికార్డు తిరగవేసి, ఈ జాతిలో ఇందరు శిక్షపడినవారు ఉన్నారు గనుక ఇది నేర జాతియే అని నిర్ధారించేవాడు. పైగా చుట్టుపక్కల ఎక్కడ కన్నం పడినా ముందు వెదకేది ఆ గుడిసెలనే. వెదకిన చోటనే దొరుకుతుంది. వెదకని చోట దొరకదు. 1957 ప్రాంతంలో అమెరికాలో షార్ట్, నై అనే పరిశోధకులు పోలీసు రికార్డులను పక్కన పెట్టి, బడి పిల్లలనే పేరు రాయనక్కరలేని ప్రశ్నాపత్రాలతో విచారించినారు. చిన్న దొంగతనాలు, విధ్వంసపు పనులు అన్ని తరగతుల ఇండ్ల పిల్లలలోను ఉన్నవని వెల్లడైనది. పేదల పిల్లలు ఎక్కువగా చేసినట్లు రికార్డులలో కనబడడానికి వారు ఎక్కువగా పట్టుబడడం ఒక పెద్ద కారణమని తేలినది. అంతకు ముందే ఎడ్విన్ సదర్లాండ్ అమెరికాలోని 70 పెద్ద కంపెనీల చరిత్ర పరిశీలించి, తెల్లచొక్కాల నేరాలను గురించి 1949లో గ్రంథం ప్రకటించినాడు. ఆ కంపెనీల యజమానుల కపాలాలను కొలిచినవారెవరూ లేరు.

తెలుగువారి నోట నలిగే కేడీ అన్న తిట్టు కూడ ఈ రికార్డుల సంతానమే. పోలీసు పుస్తకాలలోని నోన్ డిప్రెడేటర్ అనే రెండు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. తెలిసిన దొంగ అని దాని భావం. ఎవరికి తెలిసిన, ఎట్లు తెలిసిన అన్న విచారణ ఆ రెండక్షరాలలో లేదు.

ఇక ఇరవయ్యవ శతాబ్దం రెండవ భాగంలో పరిశోధన పద్ధతి మారినది. జైలులో ఉన్నవారిని కొలవడం మాని, ఒక ఊరి పిల్లలనందరినీ ఏండ్ల తరబడి వెన్నంటి చూడడం మొదలైనది. ఫిలడెల్ఫియా నగరంలో 1945లో పుట్టిన 9,945 మంది బాలుర చరిత్రను మార్విన్ వుల్ఫ్‌గాంగ్, ఆయన సహచరులు పరిశీలించి 1972లో ప్రకటించినారు. వారిలో 3,475 మంది పద్దెనిమిదేండ్లలోపున ఒక్కసారైనా పోలీసుల దృష్టికి వచ్చినవారు. అనగా మూడింట ఒక వంతుకు పైమాట. వీరిలో దాదాపు సగం మంది ఆ ఒక్కసారితో ఆగిపోయినారు. 627 మంది మాత్రం ఐదుసార్లు, అంతకు మించి పట్టుబడినారు. మొత్తం నేరాలలో సగానికి పైగా ఈ కొద్దిమందివే. ఈ అంకెలు చూచి కొందరు ఆ కొద్దిమందిని ముందుగానే పట్టి బంధిస్తే సరిపోతుందని ఉత్సాహపడినారు. కాని ఆ 627 మంది ఎవరో తెలిసినది పద్దెనిమిదేండ్లు గడచిన తరువాత. పదేండ్ల వయస్సున వారిని గుర్తించే సాధనం లేదు.

న్యూజీలాండులోని డునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను నేటికీ పరిశీలిస్తున్నారు. ఆ పరిశోధనపై ఆధారపడి టెర్రీ మాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1993లో ఒక భేదాన్ని ప్రతిపాదించినది. నేరప్రవర్తన కలవారు రెండు రకాలు. ఒక రకం వారు కౌమారంలో స్నేహితుల వెంటబడి కొంతకాలం దారి తప్పి, ఉద్యోగం, సంసారం వచ్చేసరికి చక్కబడతారు. వీరే అత్యధికులు. రెండవ రకం వారు కొద్దిమంది. వీరిలో పసితనంలోనే నరాల ఎదుగుదలకు సంబంధించిన లోపాలు, ఇంటిలో క్రూరమైన పెంపకం రెండూ కలిసి వచ్చి, ఒకదానిని ఒకటి పెంచుకొంటూ పోతవి. ఇందులో పుట్టుక పాత్ర లేదని ఎవరూ అనరు. విత్తనం ఉండవచ్చును, కాని నేల, నీరు లేక అది మొలవదు. అదియును ఒక వ్యక్తికి సంబంధించిన మాట. ఒక కులానికో ఒక జాతికో ఇది వర్తిస్తుందని ఈ పరిశోధనలు చెప్పలేదు.

మేలు చేయబోయి కీడు చేసిన పరిశోధన ఒకటున్నది. దానిని నేరస్థుల సంస్కరణకు పూనుకొనేవారందరు తెలిసికొనవలెను. అమెరికాలో రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు 1939లో కేంబ్రిడ్జి, సోమర్విల్ పట్టణాలలో ఒక ప్రయోగం ప్రారంభించినాడు. 506 మంది బాలురను ఇద్దరిద్దరిగా జతచేసి, బొమ్మా బొరుసా వేసి, జతలో ఒకనిని సహాయానికి ఎన్నుకొన్నారు. వానికి ఐదారేండ్లపాటు సలహాదారు ఇంటికి వచ్చి కష్టసుఖాలు విచారించేవాడు, చదువు చెప్పించేవారు, వేసవి శిబిరాలకు పంపేవారు. రెండవవానికి ఏమీ చేయలేదు. ముప్పై ఏండ్ల తరువాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ బాలురను, అప్పటికి నడివయస్సువారిని, తిరిగి వెదకి పట్టుకొన్నది. సహాయం పొందినవారిలో చాలామంది అది తమకెంతో ఉపకరించినదని కృతజ్ఞతతో చెప్పినారు. కాని రికార్డులు వేరుగా పలికినవి. మళ్లీ మళ్లీ నేరం చేయడంలో, తాగుడులో, అకాలమరణంలో సహాయం పొందినవారే ముందున్నారు. 1978లో ఈ ఫలితాలను ఆమె ప్రకటించినప్పుడు ఆగ్రహించినవారు తక్కువ మంది కారు. అల్లరి పిల్లలనందరిని ఒకచోట చేర్చిన వేసవి శిబిరాలలో వారు ఒకరినుంచి ఒకరు నేర్చుకొన్నారని తరువాతి పరిశీలనలో తోచినది. సదుద్దేశం కొలబద్ద కాదు. ఫలితాన్ని విడిగా కొలిచి చూడవలెను. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లను గురించి ఇట్టి లెక్క ఎవరైనా తీసి ఉంటే ఎంత బాగుండేది!

అమెరికాలోనే మరి ఇద్దరు, రాబర్ట్ శాంప్సన్, జాన్ లౌబ్, హార్వర్డ్ న్యాయ గ్రంథాలయపు నేలమాళిగలో అట్టపెట్టెలలో పడియున్న పాత కాగితాలను వెలికి తీసినారు. అవి గ్లూక్ దంపతులు బోస్టనులో 500 మంది నేరబాలురను గురించి సేకరించిన వివరాలు. ఆ బాలురు ఏమైనారో డెబ్బై ఏండ్ల వయస్సు వరకు వెదకినప్పుడు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు నేరం మానినవారే అని తేలినది. బాల్యాన్నిబట్టి ఎవడు ఎప్పుడు మానుతాడో చెప్పడానికి వీలు కాలేదు. నిలకడైన ఉద్యోగం, మంచి దాంపత్యం, సైన్యంలో చేరి పాత వీధికి దూరం కావడం, ఇవి మలుపులు తిప్పినవి. పుడకల దాకా పోనక్కరలేదన్నమాట.

నేరం మానడం లోపల ఎట్లు జరుగుతుందన్న దానిపై షాడ్ మరూనా ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో చేసిన పరిశోధన 2001లో గ్రంథరూపం దాల్చినది. మానినవారు తమ గతాన్ని ఒక కథగా తిరిగి అల్లుకొంటారు. లోపలి మనిషి మంచివాడే, పరిస్థితులు తోసినవి, ఎవరో ఒకరు నమ్మినారు, ఇప్పుడు తిరిగి ఇవ్వవలసిన వంతు వచ్చినది, ఇట్లు సాగుతుంది ఆ కథ. దానిని నలుగురిలో ఒప్పుకొనేవారు కూడ ఉండవలెను. ఊరు నమ్మకపోతే ఆ కథ నిలవదు.

లివర్‌పూల్‌కు ముందే చంబల్ లోయలో ఇది కనబడినది. 1960 మే నెలలో ఆచార్య వినోబా పాదయాత్రలో ఇరవై మంది బందిపోట్లు ఆయుధాలు అర్పించినారు. 1972 ఏప్రిల్‌లో జౌరా వద్ద జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో వందల సంఖ్యలో లొంగిపోయినారు. వేదిక మీద గాంధీజీ చిత్రపటం, దానిముందు తుపాకులు, చుట్టూ వేలాది జనం. నగరాలలో కొందరు దీనిని నాటకమని ఈసడించినారు. నాటకమే కావచ్చును, కాని చంబల్ ఊళ్ల జనమే ప్రేక్షకులైన నాటకం. తప్పు ఒప్పుకొనడానికి, ఒప్పుకొన్నవానిని అంగీకరించడానికి అట్టి బహిరంగ కర్మ అవసరమని నేటి పరిశోధకులు గ్రహించుచున్నారు. వారిపై కేసులు నడిచినవి, శిక్షలు పడినవి. ముంగావలీలో వారికోసం ఆరుబయలు జైలు ఏర్పడినది. నేరానికి బలియైన కుటుంబాలకు ఆ వేదిక మీద చోటు దక్కలేదన్న విమర్శ మాత్రం న్యాయమైనదే. దానికి సరియైన సమాధానం ఎవరూ ఇవ్వలేదు.

ఆంధ్రదేశంలో 1970వ దశకం మధ్యనుంచి లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురంలో పనికి పూనుకొన్నారు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. అంటరానితనపు అవమానాన్ని పద్యంలో దహించిన కవి ఇంటి ఆడపడుచు, ముద్రపడిన మరొక జాతి ఇండ్లకు నడిచి వెళ్లడంలో ఒక పొందిక ఉన్నది. వారు దొంగను ఒక్కని పట్టుకొని నీతి చెప్పలేదు. ఇంటి స్త్రీలతో మాట్లాడినారు, పిల్లల చదువు చూచినారు, పోలీసులకూ గ్రామానికీ నడుమ నిలిచినారు. ఉపాధి లేకుండా ప్రమాణాలు నిలవవన్నది వారి పనివలన తెలిసివచ్చిన సంగతి. ఇది పైన చెప్పిన బోస్టను పరిశోధన తేల్చినదానికి దూరం కాదు.

ఆరుబయలు జైళ్ల అనుభవం కూడ ఇట్టిదే. ఔంధ్ సంస్థానంలో 1939లో ఏర్పడిన స్వతంత్రపురం వీటిలో మొదటిదిగా చెప్పుకొనదగినది. వి. శాంతారాం 1957లో తీసిన దో ఆంఖే బారహ్ హాథ్ చిత్రానికి అదే ప్రేరణ. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో 1963 నుంచి ఖైదీలు భార్యాబిడ్డలతో కాపురముండి, పగలు బయటికి పోయి సంపాదించుకొని, సాయంకాలం హాజరుకు వస్తున్నారు. తెలుగునాట అనంతపురం సమీపాన 1965లో ఆరుబయలు జైలు నెలకొన్నది. అక్కడ ఖైదీలే సేద్యం చేస్తారు. హత్యానేరంపై యావజ్జీవశిక్ష పడినవారు కూడ గోడలు లేని ఈ చోట్ల పారిపోకుండ ఉండడం చూచి ఆశ్చర్యపోయేవారు, గోడ ఒక్కటే మనిషిని ఆపుతుందనుకొన్నవారు.

మనస్తత్వ శాస్త్రజ్ఞుని పిలిచి న్యాయస్థానాలు సాధారణంగా అడిగేది, ఇతడు ముందు ముందు ప్రమాదకరుడా అని. దీనికి సమాధానం చెప్పడంలో ఆ శాస్త్రం ఎంత పొరబడినదో బాక్‌స్ట్రమ్ కేసు చూపినది. న్యూయార్కు రాష్ట్రంలో శిక్షాకాలం ముగిసిన తరువాత కూడ పలువురిని ప్రమాదకర మనోరోగులన్న పేర జైలు ఆసుపత్రులలో ఉంచేవారు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నది. 967 మందిని సాధారణ ఆసుపత్రులకు మార్చవలసి వచ్చినది. సిబ్బంది భయపడినారు, సంఘాలు అభ్యంతరం చెప్పినవి. నాలుగేండ్లు పరిశీలించి చూడగా భయపడినట్లు జరగలేదు. హింసకు దిగినవారు అతి తక్కువమంది. వైద్యులు తప్పు చెప్పడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ప్రమాదకరుడు కాడని చెప్పి విడిచిపెట్టినవాడు హత్య చేస్తే పత్రికలకెక్కుతుంది. ప్రమాదకరుడని చెప్పి బంధించినవాడు మంచివాడై ఉంటే అది ఎవరికీ తెలియదు.

తరువాతి కాలంలో అంచనా పద్ధతులు మెరుగుపడినవి. వయస్సు, గత నేరాలు, మాదకద్రవ్యాలు, చెలిమి, ఉద్యోగం మొదలైనవాటికి మార్కులు వేసి లెక్కగట్టడం వచ్చినది. కెనడాలో ఆండ్రూస్, బొంటా అనే శాస్త్రజ్ఞులు ప్రమాదాన్నిబట్టి, అవసరాన్నిబట్టి చికిత్స మోతాదు నిర్ణయించే విధానం రూపొందించినారు. నేటి యంత్రాలు ఆ లెక్కలు క్షణంలో చేస్తవి. అయితే గత అరెస్టులను ఆధారంగా తీసికొని భవిష్యత్తు చెప్పే యంత్రం, హాజరుపట్టీ చూచి జాతిని నిర్ణయించిన అధికారి చేసిన పనినే చేసే అవకాశమున్నది. యంత్రానికి పక్షపాతం లేదన్నంత మాత్రాన దానికి తినిపించిన రికార్డుకు పక్షపాతం లేదని కాదు.

మనస్సులోకి తొంగిచూస్తామన్న పరీక్షల సంగతి కొంత చెప్పవలెను. నార్కో పరీక్ష, అబద్ధాలను పట్టే యంత్రం, మెదడు తరంగాల పరీక్ష, ఈ మూడింటికి ఒకప్పుడు దేశంలో మితిమీరిన ప్రచారం లభించినది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టం లేకుండ ఈ పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు చెప్పినది. మత్తులో పలికినది సత్యమే కానక్కరలేదన్నది శాస్త్రం కూడ ఒప్పుకొన్న మాట.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పదహారు, పద్దెనిమిది ఏండ్ల మధ్య వయస్సువారు ఘోరనేరాలలో చిక్కుకొన్నప్పుడు వారి మానసిక, శారీరక శక్తిని, నేర పరిణామం తెలిసిన శక్తిని బోర్డు ముందుగా మదింపు చేయవలెను. ఆ మదింపునుబట్టి పిల్లవానిని పెద్దవానిగా విచారించడమా కాదా అన్నది తేలుతుంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు, బోర్డులో బాలల మనస్తత్వం చదివిన సభ్యుడు లేనప్పుడు నిపుణుల సాయం తీసికొని తీరవలెనని చెప్పినది. కాగితం మీద ఇది చక్కని నియమం. జిల్లా కేంద్రాలలో అట్టి నిపుణులు ఎందరున్నారన్నది దాని అసలు పరీక్ష. విశ్వవిద్యాలయాలలో మనస్తత్వశాస్త్రం చదివే విద్యార్థులకు ఇక్కడ చేయదగిన పని చాల ఉన్నది.

నేర జాతుల చట్టం స్వాతంత్ర్యంతో వెంటనే పోలేదు. ఆనాటికి 127 జాతులకు చెందిన సుమారు కోటి ముప్పై లక్షల మంది దాని నీడలో ఉన్నారని లెక్క. మద్రాసు రాష్ట్రం 1947లోనే దానిని తొలగించినది. 1949లో నియమితమైన విచారణ సంఘానికి తిరుపతి ప్రాంతంవాడు, తరువాత లోక్‌సభ అధ్యక్షుడైన అనంతశయనం అయ్యంగారు నాయకత్వం వహించినారు. ఆ సంఘం సిఫారసుపై 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయినది. ఆ జాతులు విముక్త జాతులైనవి. నేటికీ వారిలో పలువురు ఆగస్టు 31ని తమ స్వాతంత్ర్యదినంగా జరుపుకొంటారు. కాని వెంటనే పలు రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు చేసికొన్నవి. జాతికి బదులు వ్యక్తిని నమోదు చేయడం వాటి ఉద్దేశం. ఠాణాలో కూర్చున్నవాని మనస్సులో మాత్రం పాత జాబితా చెరగలేదు.

1998లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ సబర్ అనే గిరిజన యువకుడు నిర్బంధంలో మరణించినాడు. సబరులు ఒకప్పటి నేర జాతుల జాబితాలోనివారు. రచయిత్రి మహాశ్వేతాదేవి ఆ కేసును హైకోర్టుకు తీసికొనిపోయినది. ఆ వార్త గుజరాత్‌లోని అహమ్మదాబాదుకు చేరి, ఛారానగర్ యువకులు బుధన్ పేరుతో ఒక నాటక బృందాన్ని స్థాపించినారు. ఛారాలు కూడ ఆ జాబితాలోనివారే. బెంగాలు అడవిలోని సబరుకు, గుజరాతు నగరంలోని ఛారాకు, కృష్ణాతీరపు ఎరుకలవానికి భాష వేరు, దేవుళ్లు వేరు, వంట వేరు. వారిని ఒక్కటిగా చేసినది ఒక రిజిస్టరు.

2022 చివరికి భారతదేశపు జైళ్లలో ఉన్నవారు సుమారు 5 లక్షల 73 వేల మంది. అందులో 4 లక్షల 34 వేల మంది విచారణ ముగియనివారు. అనగా నూటికి డెబ్బై ఐదుగురు చట్టం దృష్టిలో ఇంకా నేరస్థులు కారు. జైళ్లలో జరిపే ఏ మనస్తత్వ పరిశోధన అయినా ఈ సంఖ్యను మరువరాదు.

ఈ జైళ్లలోనే కులాన్నిబట్టి పని పంచే నియమాలు, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూచే నియమాలు పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో మిగిలి ఉన్నవని ఒక పత్రికా విలేఖరిణి సుప్రీంకోర్టును ఆశ్రయించినది. 2024 అక్టోబరు 3న ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్ అధ్యక్షతనున్న ధర్మాసనం ఆ నియమాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. రిజిస్టర్లలో ఖైదీ పేరు పక్కనున్న కులం గడిని తొలగించవలెననీ, విముక్త జాతులవారిని పోలీసులు ఇష్టానుసారం నిర్బంధించరాదనీ ఆదేశించినది. మాన్యువళ్లను సవరించుకొనడానికి రాష్ట్రాలకు మూడు నెలల గడువు ఇచ్చినది.